టీ మసాలా డబ్బా: శొంఠి ఘాటు, ఏలక్కాయ పేరుకే

50 గ్రాముల డబ్బా, 85 రూపాయలు. సూపర్ మార్కెట్లో టీ పొడి ప్యాకెట్ల పక్కన వరసగా పేర్చి ఉండే టీ మసాలాల్లో ఇదొకటి. కంపెనీ పేరు రాయడం లేదు. అక్కడే నిలబడి మిగతా కంపెనీల డబ్బాలు కూడా తిప్పి చదివాను, కొంచెం అటూ ఇటూగా అన్నీ ఒకటే కథ.

మా ఇంట్లో టీ అంటే అల్లం టీ. అల్లం లేని రోజు ఏలక్కాయ టీ. రెండూ పడ్డాయంటే ఎవరో చుట్టాలొచ్చారని అర్థం. అలాంటి ఇంట్లోకి మసాలా డబ్బా ఎందుకొచ్చిందంటే, వానాకాలం. సికింద్రాబాద్‌లో జులై వచ్చిందంటే ఇంటిల్లిపాదికీ గొంతు గరగర, పూటకి రెండుసార్లు టీ. పొద్దున్నే లంచ్ బాక్సుల హడావుడిలో అల్లం చెక్కు తీసి దంచే ఓపిక ఎవరికుంది? "చిటికెడు చాలు" అని డబ్బా మీద పెద్ద అక్షరాల్లో రాసుంది, తీసుకున్నా.

మూత తీయగానే ముక్కుకి తగిలేది శొంఠి. దాని వెనకే మిరియం. ఆ తర్వాత దాల్చిన చెక్క. ఏలక్కాయ కోసం ఇంకోసారి గట్టిగా వాసన పీల్చాలి. తెల్ల ప్లేట్లో అర చెంచా పోసి కిటికీ దగ్గర పెట్టి చూశాను. మట్టి రంగు పొడి, అక్కడక్కడా సన్నటి శొంఠి పీచు, మిరియాల నల్ల చుక్కలు. ఏలక్కాయని తొక్కతో సహా నూరితే లేత ఆకుపచ్చ తొక్క ముక్కలు కనబడాలి, గింజల పొడి వేళ్లకి కాస్త అంటుకోవాలి. ఇందులో అవి వెతుక్కోవాల్సి వచ్చింది.

డబ్బా వెనక పదార్థాల పట్టిక చూస్తే సంగతి తెలిసిపోయింది. ప్యాక్ చేసి అమ్మే తిండి వస్తువుల మీద పదార్థాలను బరువు ప్రకారం, ఎక్కువున్నది ముందు, తక్కువున్నది తర్వాత రాయాలన్నది మన దగ్గర నియమం. ఇందులో వరస ఇది: శొంఠి, మిరియాలు, దాల్చిన చెక్క, ఏలకులు, లవంగాలు, జాజికాయ. ఏలకులు నాలుగోది. డబ్బా ముందున్న బొమ్మలో మాత్రం గుప్పెడు ఏలకులు నిగనిగలాడుతూ ముందు వరసలో కూర్చున్నాయి. శొంఠి కొమ్ము కప్పు వెనక సగం దాక్కుంది.

ఇంతవరకూ సర్దుకుపోవచ్చు. నాకు చిరాకేసింది ఇంకో చోట. "వేల ఏళ్ల భారతీయ సంప్రదాయం మీ కప్పులో" అట!

శొంఠి, పిప్పళ్లు, మిరియాలు కలిపిన త్రికటుకం పాతదే, కాదనను. జలుబుకి మిరియాల పాలు, అజీర్తికి శొంఠి కషాయం, ఇవి మన ఇళ్లలో ఎవరూ ఎవరికీ నేర్పక్కర్లేదు. కానీ వాటిలో టీ ఆకు ఎక్కడుంది? అస్సాంలో సింగ్‌ఫో తెగవాళ్లు అడవిలో పెరిగే తేయాకుని ముందు నుంచీ వాడుకుంటున్నారు. 1823లో రాబర్ట్ బ్రూస్ అనే స్కాట్లండ్ వ్యాపారి వాళ్ల దగ్గర ఆ మొక్కని చూశాకే ఇంగ్లీషువాళ్ల కన్ను దాని మీద పడింది. 1839 జనవరిలో అస్సాం టీ మొదటిసారి లండన్ వేలానికి వెళ్లింది. ఆ తర్వాత చాలా ఏళ్లు ఇక్కడ పండిన టీలో ఎక్కువ భాగం ఓడలెక్కి పోవడమే. కూలీలు మనవాళ్లు, నేల మనది, తాగేది వాళ్లు.

మనకి అలవాటు చేసింది ప్రచారం. 1903లో టీ ఎగుమతి మీద సెస్సు వేసి, ఆ డబ్బుతో టీ తాగండి టీ తాగండి అని ఊదరగొట్టడం మొదలుపెట్టారు. మొదటి ప్రపంచ యుద్ధం రోజుల్లో మిల్లుల్లో, గనుల్లో టీ కొట్లు పెట్టించారు. 1930లలో ప్రపంచమంతా మాంద్యం వచ్చి గోదాముల్లో సరుకు మిగిలిపోయాక ఇంకా గట్టిగా పట్టుకున్నారు మనల్ని. ఊళ్లలోకి, సంతల్లోకి వచ్చి ఊరికే కప్పులు పంచారు, టీ ఎలా కాచాలో చేసి చూపించారు. గాంధీగారు టీ వద్దన్నవారే. ఆయన మిగతా మాటలు విన్నంతగా ఈ మాట జనం వినలేదు.

ఆ ప్రచారంలో నేర్పిన టీ ఏమిటంటే, కెటిల్‌లో ఆకు వేసి మరిగిన నీళ్లు పోసి మూతపెట్టి, కాసేపయ్యాక కప్పులో వంచి, పాలు, పంచదార పైన కలుపుకోవడం. మన బండివాళ్లకి అది గిట్టుబాటు కాలేదు. ఆకు ఖరీదు. అందుకని ఆకు తగ్గించి, పాలు పెంచి, పంచదార దండిగా వేసి, అల్లమో మిరియమో ఏలక్కాయో నలగ్గొట్టి పడేసి, అన్నీ ఒకే గిన్నెలో మరగబెట్టారు. టీ అమ్మకాలు పెంచడానికి వచ్చినవాళ్లకి ఇది నచ్చలేదు. మసాలా పడితే ఆకు తక్కువ పడుతుంది కదా, వాళ్ల బాధ అది. ఇంకో మలుపు యంత్రం వల్ల వచ్చింది. 1930లలోనే అస్సాంలోని అమ్‌గురి తోటలో విలియం మెక్‌కెర్చర్ అనే ఆయన ఆకుని నలిపి, చింపి, ఉండలు చుట్టే యంత్రం తయారుచేశాడు. సీటీసీ అని ప్యాకెట్ మీద ఉంటుందే, అదే. ఆ చిన్న చిన్న గుళికలు రెండు నిమిషాల్లో నల్లటి చిక్కటి డికాషన్ ఇస్తాయి, ధర తక్కువ, కిలోకి కప్పులు ఎక్కువ. అంత గట్టి డికాషన్ ఉండబట్టే పాలూ మసాలా పడ్డా టీ రుచి నిలబడుతుంది. ఇదే మసాలా మంచి డార్జిలింగ్ ఆకులో వేసి చూడండి, ఆకు ఊసే ఉండదు, డబ్బు దండగ.

కాబట్టి ఈ కప్పు వయసు మహా అయితే నూరేళ్లు చిల్లర. దాన్ని కనిపెట్టింది బండి మీద లెక్కలు చూసుకున్న టీ కొట్టువాళ్లు. వాళ్ల పేర్లు ఎవరూ రాసిపెట్టలేదు. డబ్బా మీద ఋషి బొమ్మ వేసే బదులు టీ బండి బొమ్మ వేసుంటే బాగుండేది.

మన వైపు సంగతి ఇంకా వేరు. మా అత్తగారిది తెనాలి, పొద్దున కాఫీ పడకపోతే ఆవిడకి రోజు మొదలవదు. ఇక్కడ హైదరాబాద్‌లో టీ అంటే ఇరానీ. అందులో మసాలా ఉండదు. పాలు గంటల తరబడి మరిగి చిక్కబడతాయి, డికాషన్ మూతపెట్టిన పాత్రలో విడిగా దమ్ అవుతుంది, కప్పులో రెంటినీ కలుపుతారు. ఉస్మానియా బిస్కెట్ ముంచుకోవడానికి సరిగ్గా సరిపోయే తీపి. చార్మినార్ దగ్గర నిమ్రా కేఫ్ లాంటి చోట కూర్చుని దాల్చిన చెక్క వాసన రాలేదేమిటని ఎవరూ అడగరు. మిరియం, శొంఠి దండిగా పడే టీ గుజరాత్, ముంబై వైపుది. మన దగ్గర బండి మీద దొరికేది అల్లం టీ, కాస్త పెద్ద కొట్టయితే ఏలక్కాయ టీ. ఈ డబ్బా మనం పెరిగిన రుచి కాదన్నమాట. ఆ లెక్కన చూస్తేనే దీనికి న్యాయం జరుగుతుంది.

ఇక గిన్నె దగ్గరికి వద్దాం.

డబ్బా మీద రాసిన పద్ధతి: రెండు కప్పులకి పావు చెంచా, నీళ్లలో టీ పొడితో పాటు వేసి మరిగించాలి. అచ్చం అలాగే చేశాను. ఒక కప్పు నీళ్లు, ఒక కప్పు పాలు, రెండు చెంచాల టీ పొడి, మూడు చెంచాల పంచదార. వచ్చిన టీ ఘాటుగా ఉంది, కానీ చేదు. గొంతులోకి దిగాక శొంఠి మంట అలాగే ఉండిపోయింది, వాసన మాత్రం వంటింట్లోనే అయిపోయింది. మా అత్తయ్య ఒక గుక్క తాగి కప్పు కింద పెట్టి, "జలుబు ఎవరికే అమ్మాయ్?" అన్నారు. ఆ రోజు నుంచి ఆవిడకి టీ వద్దు, కాఫీయే.

ఇంకో చిక్కు కప్పు అడుగున కనిపిస్తుంది. స్టీలు వడకట్టు ఈ పొడిని ఆపలేదు, అంత మెత్తగా ఉంది. చివరి రెండు గుక్కల్లో గోధుమ రంగు మడ్డి, అదీ మామూలు మడ్డి కాదు, వేలితో తీస్తే సాగే జిగురు. అది దాల్చిన చెక్క పని. ఆ పొడి వేడి నీళ్లలో నాని జిగురెక్కుతుంది. చెక్కగా వేస్తే ఈ గొడవ ఉండదు, వడకట్టులో ఆగిపోతుంది. ఇక్కడ ఇంకో మాట. మార్కెట్లో దాల్చిన చెక్క పేరుతో దొరికేది చాలావరకు కాసియా, మందంగా, ఒకే పొరగా, గట్టిగా ఉంటుంది. అసలు శ్రీలంక దాల్చిన చెక్క పల్చటి పొరలు చుట్టలుగా ఉండి చేత్తో నలిపితే విరిగిపోతుంది, వాసన నెమ్మది, తీపి. పొడి చేశాక ఏది ఏదో ఎవరు చెప్పగలరు?

మా పై ఫ్లాట్‌లో గుజరాతీ ఆంటీ ఉంటారు. వాళ్లకి రాణీగంజ్‌లో హార్డ్‌వేర్ షాపు, మూడు తరాల నుంచి ఇక్కడే. ఆవిడ తెలుగు మనకంటే హైదరాబాదీ. డబ్బా చూపిస్తే వాసన చూసి పెదవి విరవలేదు, "మంచిగనే ఉంది" అన్నారు. నేను చేసే పద్ధతి చెప్పగానే మాత్రం నెత్తి కొట్టుకున్నారు. "నీళ్లల్ల ఎందుకేస్తవ్ బేటా? అంతసేపు మరిగితే చేదైతది. పాలు పోసి ఒక పొంగు రానియ్యి, అప్పుడు వెయ్యి, ఒక్క నిమిషం, దించెయ్."

అలా చేస్తే టీ మారిపోయింది. అదే పొడి, అదే పావు చెంచా. పొంగు మీద చల్లితే పొడి మీగడ మీద ఒక క్షణం గోధుమ రంగు చుట్టలా తేలి, పాలు మళ్లీ లేచేసరికి లోపలికి పోతుంది. మొట్టమొదటిసారి ఏలక్కాయ వాసన తగిలింది. కారణం ఊహించలేనిదేమీ కాదు. ఈ దినుసుల వాసనంతా వాటి నూనెల్లో ఉంటుంది, ఎక్కువసేపు మరిగిస్తే ఆవిరితో పోతుంది. ఆ నూనెలు నీళ్లలో కంటే పాలలోని కొవ్వులో బాగా కలుస్తాయి. మిరియంలో ఘాటునిచ్చే పైపరిన్ కూడా అంతే, నీళ్లలో అంతగా కరగదు. అందుకే పాలు కూడా ముఖ్యమే. 3 శాతం వెన్న ఉండే టోన్డ్ పాలతో ఈ మసాలా గరుగ్గా, గొంతు గీరినట్టు ఉంటుంది. 6 శాతం ఉండే ఫుల్ క్రీమ్ పాలతో అదే మసాలా మెత్తబడుతుంది. డైటింగ్ అని స్కిమ్డ్ పాలు పోసేవాళ్లు ఈ డబ్బా కొనకపోవడమే మంచిది.

అయితే అల్లం మాత్రం దీనికి తిరగబడ్డ లెక్క. పచ్చి అల్లాన్ని పాలలో వేస్తే పాలు విరుగుతాయని భయం, ఊరికే కాదు. అల్లంలో పాల ప్రొటీన్‌ని పెరుగులా గట్టిపరిచే ఎంజైమ్ ఒకటి ఉంది. చైనావాళ్లు దాంతోనే అల్లం రసం, వెచ్చటి పాలు కలిపి జున్నులాంటి స్వీట్ చేసుకుంటారు. ఎంజైమ్ వేడికి చచ్చిపోతుంది కాబట్టి, దంచిన అల్లాన్ని ముందు నీళ్లలో మూడు నాలుగు నిమిషాలు తెర్లనిచ్చి, టీ పొడి వేసి, అప్పుడు పాలు పోస్తే ఏ టెన్షనూ లేదు. అంటే అల్లం ముందు, పొడి మసాలా చివర. డబ్బా మీద ఈ రెండు ముక్కలు రాసుంటే ఎంత బాగుండేది!

అల్లం ఉండగా శొంఠి ఎందుకు, రెండూ ఒకటే కదా అని మా ఆయన అడిగారు. ఒకటి కాదు. అల్లం ఎండుతున్నప్పుడు అందులోని కారపు పదార్థమే మారిపోతుంది, ఎండాక మంట ఎక్కువ, నిమ్మ వాసన లాంటి ఆ తాజాదనం తక్కువ. అందుకే ఈ డబ్బాతో చేసిన టీ వేడి పుట్టిస్తుంది కానీ అల్లం టీ తాగినట్టు ఉండదు. అల్లం టీ అలవాటున్న నాలిక అల్లం టీ కోసమే చూస్తుంది. నా మటుకు కుదిరింది ఏమిటంటే, అల్లం కొంచెం దంచి నీళ్లలో వేసి, ఈ మసాలా రెండు కప్పులకి పావు చెంచాలో సగం, అదీ చివర్లో. గుజరాతీ ఆంటీ అయితే రెండు పుదీనా ఆకులు, ఒక నిమ్మగడ్డి పోచ కూడా వేస్తారు. నిమ్మగడ్డి కుండీ వాళ్ల బాల్కనీలోనే ఉంది. పుదీనా నాకు పడలేదు, టీలో చట్నీ గుర్తొచ్చింది. నిమ్మగడ్డి మాత్రం బ్రహ్మాండం.

డబ్బా తయారీ గురించి ఒక పెద్ద ఫిర్యాదు. చల్లుకునే చిల్లుల మూత పెట్టారు. గిన్నె మీద వంచి చల్లితే ఆవిరి నేరుగా చిల్లుల్లోకి పోతుంది. కొద్ది రోజులకే పొడి చిల్లుల దగ్గర గట్టిపడి, డబ్బా నేల మీద కొడితే ఒకేసారి ఇంత ముద్ద టీలో పడింది. ఇప్పుడు మొత్తం చిన్న గాజు సీసాలోకి మార్చి, పొడి చెంచాతో తీస్తున్నా. స్టవ్ పక్క అరలో కాకుండా వేడి తగలని చోట పెట్టాలి. ఎందుకంటే పొడి చేసిన దినుసులకి వాసన నిలిచే కాలం చాలా తక్కువ. డబ్బా మీద గడువు ఏడాది అని ఉంది, తినడానికి పనికొస్తుందేమో గానీ వాసన అంతకాలం ఉండదు.

ధర సంగతి. చాలామంది ఇంట్లో చేసుకుంటే సగానికి సగం మిగులుతుందంటారు. మిగలదు. మోండా మార్కెట్లో దినుసులు తెచ్చి లెక్కేశాను: 25 గ్రాముల ఏలకులు 95 రూపాయలు, 20 గ్రాముల శొంఠి 10, 15 గ్రాముల మిరియాలు 14, 10 గ్రాముల దాల్చిన చెక్క 6, 5 గ్రాముల లవంగాలు 6, ఒక జాజికాయ 10, అందులో సగమే వాడాను. మొత్తం 141. వచ్చిన పొడి 75 గ్రాములకి కాస్త పైన. డబ్బా లెక్కన అంత పొడికి 130 దాకా అవుతుంది. అంటే ఇంట్లో చేసిందే ఓ పది రూపాయలు ఎక్కువ! కానీ ఆ 141లో 95 ఏలకులవే, అదీ మూడో వంతు బరువు. డబ్బాలో నాలుగో స్థానంలో ఉన్న దినుసు నా సీసాలో మొదటి స్థానంలో ఉంది. తేడా అంతా అక్కడే.

ఏలకులు కొనేటప్పుడు కూడా చూసుకోవాలి. కేరళలో ఇడుక్కి వైపు పండి, పుట్టడి, బోడినాయకనూరు వేలాల నుంచి వచ్చే వాటిలో 7, 8 మిల్లీమీటర్ల లావు కాయలకి ధర ఎక్కువ. పాయసంలోకి, పండగ స్వీట్లలోకి అవి అందం. టీలో దంచి వేసేదానికి అంత లావు అక్కర్లేదు. కాయ ఆకుపచ్చగా, లోపల గింజ నల్లగా, జిగటగా ఉంటే చిన్నదైనా చాలు. తెల్లబారి, ఊపితే గలగలమన్నది వద్దు. మిరియాలకి మటుకు నేను పాడేరువి దొరికితే అవే తీసుకుంటా. అక్కడ కాఫీ తోటల్లో నీడ కోసం పెంచే సిల్వర్ ఓక్ చెట్లకి మిరియం తీగ పాకిస్తారు. ఘాటు బాగుంటుంది, పైగా మన ఏజెన్సీ రైతుకి నాలుగు డబ్బులు.

శొంఠిని ముందు రోట్లో పగలగొట్టి, తర్వాత మిక్సీలో వేయండి. కొమ్ముల్ని నేరుగా వేస్తే బ్లేడు పని అయిపోతుంది. దినుసుల్ని వేయించక్కర్లేదు, ఎండలో కాసేపు పెడితే చాలు. మరీ మెత్తగా పట్టకండి, కాస్త బరకగా ఉంటే వడకట్టులో ఆగుతుంది, కప్పు అడుగున మడ్డి ఉండదు. దాల్చిన చెక్కని అసలు పొడిలో కలపకుండా విడిగా ముక్క వేసుకుంటే ఇంకా మేలు, జిగురు బాధ తప్పుతుంది.

మరి ఈ డబ్బా ఎవరికి పనికొస్తుంది? హాస్టల్లో ఉండే పిల్లలకి, ఎలక్ట్రిక్ కెటిల్ తప్ప ఇంకేమీ లేని గదుల్లో ఉండేవాళ్లకి పనికొస్తుంది. బెంగళూరులో పీజీలో ఉన్న మా చెల్లెలి కొడుకు టీ బ్యాగు, పాల పొడితో ఇదే వాడుతున్నాడు, "పెద్దమ్మా, బానే ఉంది" అంటాడు. వాడికి పోల్చుకోవడానికి పక్కన వేరే టీ లేదు మరి. ఆఫీసు మెషీన్ టీలో చిటికెడు వేసుకుంటే ఆ గోరువెచ్చటి తీపి నీళ్లకి కాస్త ప్రాణం వస్తుంది. గొంతు నొప్పి రోజుల్లో శొంఠి ఎక్కువుండటమే మంచిది, అప్పుడు దీన్ని తిట్టను. ఇంట్లో రోలు, అల్లం, నాలుగు ఏలక్కాయలు ఉండి, పది నిమిషాలు నిలబడగలిగినవాళ్లకి మాత్రం అక్కర్లేదు. అయిదుకి రెండున్నర ఇస్తాను. పద్ధతి సరిగ్గా రాసి, చిల్లుల మూత తీసేస్తే ఇంకో అర మార్కు.

మళ్లీ సరుకులకి వెళ్లినప్పుడు చూస్తే ఇదే కంపెనీది "ఎలాచీ స్పెషల్" అని కొత్త డబ్బా వచ్చింది, 110 రూపాయలు. ఆశగా తిప్పి చూశాను. మొదటిది శొంఠే, ఏలకులు మూడోది, కింద చిన్న అక్షరాల్లో "అదనపు ఏలకుల ఫ్లేవర్ కలపబడినది". మళ్లీ అరలో పెట్టేసి, పక్క వరసలో కిలో పంచదార తీసుకుని వచ్చేశా.